స్లాట్ మెషీన్‌ను మోసగించే పెట్టె నిజంగా ఉందా?

ప్రశ్న: అయ్యా, నేను విజయవాడ గవర్నర్‌పేటలో పదకొండేళ్ళుగా సెల్‌ఫోన్ల రిపేరు షాపు నడుపుతున్నాను. మా బావమరిది గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. రెండేళ్ళలో మూడుసార్లు గోవా వెళ్ళి, అక్కడి కాసినోల్లో స్లాట్ మెషీన్లు (డబ్బు వేసి బొమ్మల చక్రాలు తిప్పే జూదపు మెషీన్లు) ఆడి, సుమారు 4 లక్షల రూపాయలు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు టెలిగ్రామ్‌లో పరిచయమైన ఎవరి దగ్గరో 38,000 రూపాయలకు ఒక చిన్న పెట్టె కొన్నాడు. మెషీన్ పక్కన పెట్టి మీట నొక్కితే క్రెడిట్లు, అంటే మెషీన్‌లో మన పేర ఉన్న సొమ్ము లెక్క, వాటంతటవే పెరుగుతాయని అమ్మినవాడు చెప్పాడట. అది పని చేయడం లేదని నా దగ్గరకు తెచ్చాడు. విప్పి చూస్తే ఒక లిథియం సెల్లు, దోమల బ్యాటులో ఉండేలాంటి హైవోల్టేజి బోర్డు, నాలుగైదు చుట్ల రాగి తీగ తప్ప ఇంకేమీ లేవు. బాగు చేసి ఇవ్వమంటున్నాడు. పైగా నన్ను 2 లక్షలు పెట్టమని, వచ్చే నెల అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో కలిసి వెళదామని అంటున్నాడు. రష్యావాళ్ళు సెల్‌ఫోనుతో అమెరికా కాసినోలను దోచారని ఒక వీడియో కూడా చూపించాడు. ఇలాంటి పరికరాలతో స్లాట్ మెషీన్లను నిజంగా మోసం చేయవచ్చా? నేనేం చేయాలి?

సమాధానం: ఎలక్ట్రానిక్ పరికరాలతో స్లాట్ మెషీన్లను మోసం చేసినవాళ్ళు ఉన్నారు. అది కట్టుకథ కాదు కాబట్టి, మీ బావమరిదికి "అలాంటివేవీ లేవు" అని చెప్పకండి. చెబితే ఆయన ఇంకో వీడియో చూపిస్తాడు, ఆ తరువాత మీ మాట వినడు. కాని మీ బల్ల మీద ఉన్న పెట్టెతో గోవాలోని మెషీన్ నుంచి ఒక్క రూపాయి కూడా రాదు. ఈ రెండూ ఏకకాలంలో ఎలా నిజమవుతాయో మీకు వివరంగా చెప్పాలనిపించింది, ఎందుకంటే మీరు సర్క్యూట్ చదవగలిగిన మనిషి, మీకు అర్థమైతే మీ బావమరిదికి మీరే చెప్పగలుగుతారు.

ముందుగా మెషీన్ లోపల జరిగేది చూద్దాం. 1890లలో శాన్ ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే అనే మెకానిక్ తయారు చేసిన మొదటి తరం మెషీన్లు పూర్తిగా స్ప్రింగులతో, పళ్ళ చక్రాలతో నడిచేవి. పిడి లాగితే మూడు చక్రాలు తిరిగి, ఎక్కడ ఆగితే అదే ఫలితం. కాబట్టి ఆ రోజుల్లో దారం కట్టిన నాణెం, నకిలీ బిళ్ళ, వంచిన ఇనుపతీగ వంటివన్నీ పని చేసేవి, ఎందుకంటే ఆటా ఫలితమూ రెండూ ఆ ఇనుములోనే ఉండేవి. 1984లో ఇంగే టెల్నేస్ అనే ఆయనకు లభించిన ఒక పేటెంటుతో ఈ సంగతి మొత్తం మారిపోయింది. అప్పటి నుంచి ఫలితాన్ని నిర్ణయించేది చక్రం కాదు, లోపలి చిప్పులో నడిచే యాదృచ్ఛిక సంఖ్యల ప్రోగ్రాము. అది ఎవరూ ఆడనప్పుడు కూడా ఆగకుండా సంఖ్యలు పుట్టిస్తూనే ఉంటుంది. మీరు బటన్ నొక్కిన క్షణంలో వచ్చిన సంఖ్య ఏ బొమ్మలు పడాలో చెప్పేస్తుంది. ఆ తరువాత చక్రాలు తిరగడం, ఒకటొకటిగా ఆగడం అంతా ముందే తేలిపోయిన ఫలితాన్ని కళ్ళకు చూపించడమే. అందువల్ల అయస్కాంతం పెట్టి చక్రాన్ని ఆపుతామని చెప్పేవాళ్ళ మాటకు ఈ మెషీన్ల విషయంలో అర్థమే లేదు.

ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది, అది మీ బావమరిది తప్పక తెలుసుకోవలసినది. ఒక చక్రం మీద కంటికి 22 స్థానాలు కనిపిస్తే, మూడు చక్రాలకు కలిపి 10,648 కలయికలు వస్తాయి. ఆ లెక్కన జాక్‌పాట్ ఎప్పటికైనా తగలకపోతుందా అని ఆడేవాడికి అనిపిస్తుంది. కాని ప్రోగ్రాములో ఒక్కొక్క చక్రానికి 64 స్థానాలు పెట్టి, జాక్‌పాట్ బొమ్మకు వాటిలో ఒక్కటే కేటాయిస్తే, ఆ అవకాశం 2,62,144లో ఒకటి అవుతుంది. మిగిలిన స్థానాలలో ఎక్కువ వాటిని ఆ బొమ్మకు పైనా కిందా ఉన్న ఖాళీలకు ఇస్తే, బొమ్మ గెలుపు గీతకు ఒక్క అంగుళం దూరంలో ఆగినట్టు మాటిమాటికీ కనిపిస్తుంది. "కొద్దిలో తప్పిపోయింది బావా" అని ఆయన మీతో ఎన్నిసార్లు అని ఉంటాడో నేను ఊహించగలను. ఆ కొద్ది అనేది నిజంగా లేదు, అలా కనిపించేలా కేటాయించారు. మన సంక్రాంతి బరుల పక్కన గుండాట నడిపేవాడి చేతివాటాన్నయినా కనిపెట్టేవాళ్ళు ఉంటారు గాని, చట్టప్రకారమే అమర్చిన ఈ అంకెల అమరికను కంటితో చూసి పట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

ఇక మోసం చేసినవాళ్ళ సంగతి. వాళ్ళలో మీకు అందరికన్నా దగ్గరివాడు టామీ గ్లెన్ కార్మైకేల్. అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రంలో, టల్సా అనే ఊరిలో టీవీలు బాగు చేసే షాపు నడిపిన మనిషి. 1980లలో స్నేహితుడు చూపించిన ఒక చిన్న పనిముట్టుతో మొదలుపెట్టి, పట్టుబడి జైలుకు వెళ్ళాడు, బయటకు వచ్చాక కొత్త మెషీన్లను విప్పి చదివి మరింత తెలివైన పనిముట్లు తయారు చేశాడు. వాటిలో పేరు పడినది ఒక చిన్న దీపం. అప్పటి మెషీన్లు గెలిచినవాడికి నాణేలు కుమ్మరించేవి. ఎన్ని పడ్డాయో లెక్కించడానికి నాణేల తొట్టి దగ్గర ఒక కాంతి సెన్సర్ ఉండేది. కార్మైకేల్ బల్బును లోపలికి పోనిచ్చి ఆ సెన్సర్ కళ్ళు గప్పాడు. పడిన నాణెం లెక్కకు రాలేదు కాబట్టి మెషీన్ ఇంకా ఇస్తూనే ఉండేది. మీరు గమనించవలసినది ఏమిటంటే, ఆయన ఆటను గెలవలేదు, యాదృచ్ఛిక సంఖ్యల జోలికి పోలేదు, డబ్బు బయటకు వచ్చే దారిలో ఉన్న ఒక్క సెన్సర్‌ను పట్టుకున్నాడు. ఆ తరువాత తయారీదారులు సెన్సర్‌ను మార్చారు, కొన్నేళ్ళకు నాణేలే పోయి వాటి స్థానంలో కాగితపు టికెట్లు వచ్చాయి. నాణేలు లేని మెషీన్‌లో ఆ దీపానికి చేసే పని లేదు. అంత చేయి తిరిగిన మనిషి కూడా మళ్ళీ మళ్ళీ అరెస్టయ్యాడు. చివరకు కాసినోలకు దూరంగా ఉండమని కోర్టు చెప్పగా సొంత ఊరికి తిరిగి వెళ్ళాడు. ఆయన కథ చదివినప్పుడల్లా నాకు కలిగేది బాధే. ఏళ్ళ తరబడి గుంటూరులో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పినవాడిని కాబట్టి, ఆ పాటి నేర్పు ఉన్న చేతులు ఎంత అరుదో నాకు తెలుసు.

రెండవ మనిషి రాన్ హారిస్. ఈయన దగ్గర అసలు పరికరమే అవసరం లేకపోయింది. నెవాడా రాష్ట్రంలో జూదం మెషీన్లను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థలో ప్రోగ్రామర్‌గా ఉద్యోగం చేస్తూ, తనిఖీకి వచ్చిన చిప్పులలోనే తన సొంత ఆదేశాలను కలిపాడు. ఫలానా వరుసలో నాణేలు వేస్తే మెషీన్ గెలుపు ఇవ్వాలి అన్నది ఆ ఆదేశం. 1995 జనవరిలో అట్లాంటిక్ సిటీలో కీనో అనే అంకెల ఆట మీద, ప్రోగ్రాము తెలిసినవాడు కాబట్టి పడబోయే అంకెలను లెక్కగట్టి, స్నేహితుడి చేత 1,00,000 డాలర్ల టికెట్ కొట్టించాడు. అంత మొత్తం గెలిచిన మనిషి ముఖంలో సంతోషం లేకపోవడం కాసినోవాళ్ళకు అనుమానం కలిగించింది. స్నేహితుడు దొరికాడు, అతని ద్వారా హారిస్ దొరికాడు, జైలుకు వెళ్ళాడు. ఇక్కడ తెరుచుకున్నది మెషీన్ తాళం కాదు, కాపలా కాయవలసిన మనిషే.

మీ బావమరిది చూపిన రష్యా వీడియోలో సంగతి కూడా చాలావరకు నిజం. రష్యా ప్రభుత్వం 2009లో దేశంలో ఎక్కువ భాగం కాసినోలను మూసివేయించింది. అక్కడి స్లాట్ మెషీన్లు దొరికిన ధరకు అమ్ముడుపోయాయి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఒక ముఠా అలాంటివాటిని సంపాదించి, పాత రకం మెషీన్లలోని సంఖ్యల ప్రోగ్రామును విప్పి చదివింది. కంప్యూటర్ పుట్టించే యాదృచ్ఛిక సంఖ్య నిజానికి ఒక సూత్రం నుంచి వస్తుంది. ఆ సూత్రం బలహీనమైనదై, అది ఇప్పుడు ఏ స్థితిలో ఉందో కూడా తెలిస్తే, ముందు రాబోయేది కొంతవరకు లెక్కగట్టవచ్చు. ముఠా మనిషి 2014లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఒక పాత మెషీన్ ముందు కూర్చుని, ఇరవై పైచిలుకు ఆటలను ఫోనులో చిత్రించి పంపేవాడు. దూరాన ఉన్నవాళ్ళు లెక్కగట్టి, బటన్ నొక్కవలసిన క్షణానికి పావు సెకను ముందు ఫోను కంపించేలా చేసేవారు. అంటే ఆ ఫోను మెషీన్‌ను తాకలేదు, దాని లోపలి విద్యుత్తును ఏమీ చేయలేదు. అది కేవలం ఒక గడియారం. ఆ పనికి కావలసినది గణితం తెలిసినవాళ్ళూ, సొంతంగా మెషీన్లూ, ఏళ్ళ శ్రమా. అయినా జాక్‌పాట్ పడకుండానే కొన్ని మెషీన్లు వచ్చినదాని కన్నా ఎక్కువ ఇచ్చాయని లెక్కల్లో తేలగానే కాసినోలు కెమెరాలు తిరగవేసి చూశాయి. తెరకు దగ్గరగా ఫోను పట్టుకుని, బటన్ మీద వేలు గాలిలో నిలిపి, ఉన్నట్టుండి నొక్కే మనిషి కనిపించాడు. అదే ఏడాది ఆఖరుకు ముఠాలో నలుగురు అరెస్టయ్యారు.

ఈ ముగ్గురి దగ్గరా ఉన్నది ఫలానా మెషీన్‌లో ఫలానా లోపం తెలియడం. పనిముట్టు ఆ తెలివికి తోక వంటిది మాత్రమే. ఏ మెషీనో, ఏ సంవత్సరంలో తయారైందో అడగకుండా, అన్నిటి మీదా పని చేస్తుందని అమ్మే పెట్టెలో ఆ తెలివి ఎక్కడ ఉంటుంది?

మీ బల్ల మీద ఉన్నదాన్ని మీరే విప్పి చూశారు కాబట్టి దాని పని మీకు తెలిసే ఉంటుంది. ఆ బోర్డు సెల్లు నుంచి వచ్చే కొద్ది వోల్టేజిని కొన్ని వేల వోల్టులకు పెంచుతుంది, నిప్పురవ్వ ఎగిరినప్పుడు రాగి చుట్టలో ఒక్కసారిగా కరెంటు పారి, చుట్టూ అయస్కాంత క్షేత్రం కుదుపుకు లోనవుతుంది, దగ్గరలో ఉన్న తీగలలో క్షణకాలం వోల్టేజి పుడుతుంది. రక్షణ కవచం లేని చవక మెషీన్లలో నాణెం పడినట్టు చెప్పేది ఒకే ఒక్క తీగ అయినప్పుడు, ఆ వోల్టేజిని మెషీన్ నాణెంగా పొరబడిన సందర్భాలు ఉండేవి. అమ్మేవాళ్ళు చూపించే వీడియోలకు మూలం అదే. నియమాల ప్రకారం నడిచే కాసినోల్లో ఉండే నేటి మెషీన్ అలాంటిది కాదు. దాని పెట్టె ఇనుపది, భూమికి ఎర్తు చేసినది. నోటు తీసుకునే భాగం లోపలి బోర్డుతో మాట్లాడేది ఒక్క కుదుపుతో కాదు, ఒక క్రమంలో సరిచూసుకునే సంకేతాలతో. క్రెడిట్ల లెక్క ఒకచోట కాక ఒకటికి రెండు చోట్ల ఉంటుంది, అవి ఒకదానితో ఒకటి సరిపోలకపోతే మెషీన్ ఆగిపోతుంది. అమ్మకానికి ముందు పరీక్షశాలలలో ఇలాంటి విద్యుత్ కుదుపులు కావాలని ఇచ్చి చూస్తారు. మీ బావమరిది మీట నొక్కితే జరగగలిగినది మహా అయితే ఆ మెషీన్ బిగుసుకుపోయి, పైన దీపం వెలిగి, సిబ్బంది రావడం. అంతకు ముందే ఆయన జేబులోని ఫోను పాడు కావచ్చు. పక్క కుర్చీలో గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్న పెద్దమనిషి ఉంటే ఆయన ప్రాణానికే ప్రమాదం కావచ్చు. ఈ మాట ఎవరూ వీడియోలో చెప్పరు.

ఫోనులో ఆడే స్లాట్ ఆటలకు ఫలితం ముందే చెప్పే యాప్ అంటూ అమ్మేవి ఇంతకన్నా బోలు. అక్కడ సంఖ్య పుట్టేది ఎక్కడో ఉన్న సర్వరులో, దాన్ని నడిపేవాడు ఎవరో కూడా మనకు తెలియదు. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. గోవా లెక్క వేరు. అక్కడి 1976 నాటి చట్టానికి 1992లో చేసిన సవరణతో అయిదు నక్షత్రాల హోటళ్ళలో ఇలాంటి మెషీన్లకు అనుమతి వచ్చింది, తరువాత మాండోవి నదిలోని ఓడలకూ వచ్చింది. ఆడడం అక్కడ నేరం కాదు. మోసం చేయడం మాత్రం అక్కడా నేరమే. మనం 420 అని పిలుచుకునే నేరమే ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ కింద ఉంది, దానికి ఏడేళ్ళ దాకా శిక్ష పడవచ్చు. పరికరం పని చేయలేదు కాబట్టి నేరం కాలేదనే వాదన నిలవదు, ప్రయత్నం కూడా నేరమే. దాన్ని ఎందుకు వాడబోతున్నాడో తెలిసి బాగు చేసి ఇచ్చినవాడు, పెట్టుబడి పెట్టినవాడు కుట్రలో భాగస్వామి అవుతాడు. మీరు పదకొండేళ్ళు కష్టపడి నిలబెట్టుకున్న షాపు పేరు ఆ పోలీసు కాగితాలలోకి ఎక్కకూడదని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

కాబట్టి ఆ పెట్టెను బాగు చేయకండి. పారవేయకండి కూడా. లిథియం సెల్లు విడిగా తీసి జాగ్రత్తగా ఉంచండి, ఎందుకంటే నాసిరకం సెల్లును అలాంటి బోర్డుతో పార్సిల్‌లో వదిలివేస్తే మీ షాపుకే నిప్పు ముప్పు. మిగిలినదాన్ని అది వచ్చిన కవరుతో సహా పక్కన పెట్టండి. 38,000 రూపాయలు ఏ యూపీఐ ఐడీకి వెళ్ళాయో, టెలిగ్రామ్‌లో ఏమేమి మాట్లాడుకున్నారో స్క్రీన్ షాట్లు తీయించి, సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. తాను ఎందుకు కొన్నాడో చెప్పడానికి మీ బావమరిది సిగ్గుపడతాడు, భయపడతాడు. అమ్మేవాడి ధైర్యమంతా ఆ సిగ్గులోనే ఉంది, దొంగపని కోసం కొన్న వస్తువు గురించి ఎవడూ పోలీసు దగ్గరకు వెళ్ళడని వాడికి తెలుసు. వెళ్ళే ముందు తెలిసిన న్యాయవాదిని ఒకసారి కలవండి. వాడని వస్తువు గురించి దాపరికం లేకుండా చెప్పుకోవడానికి ఇదే సరైన సమయం, గోవా వెళ్ళివచ్చిన తరువాత కాదు. బాగు చేస్తామనో, కొత్తది పంపుతామనో అమ్మినవాడు మళ్ళీ డబ్బు అడుగుతాడు, ఆ మాట కూడా ముందే చెప్పి ఉంచండి.

2 లక్షల సంగతి. ఆ డబ్బు ఇవ్వకండి, అప్పుగా కూడా ఇవ్వకండి. ఇది కఠినంగా ఉంటుందని, అత్తవారింట మాట వస్తుందని తెలిసే చెబుతున్నాను. ఒక చిన్న లెక్క మీ ఇద్దరూ కూర్చుని వేసుకోండి. నూటికి 90 రూపాయలు తిరిగి ఇచ్చేలా అమర్చిన మెషీన్ మీద, ఆటకు 10 రూపాయల చొప్పున, నిమిషానికి పది ఆటలు ఆడితే గంటకు 6,000 రూపాయల పందెం అవుతుంది, సగటున 600 పోతాయి. ఆట విలువ 100 రూపాయలైతే గంటకు 6,000 పోతాయి. మిర్చి యార్డులో కాటా దగ్గర బస్తాకు ఎన్ని గ్రాములు తరుగు పోతుందో నిద్రలో కూడా చెప్పగలిగిన మనిషికి ఈ తరుగు అర్థం కాకపోదు. ఆయన లెక్క రానివాడు కాదు, ఆ లెక్క వేసుకోవడానికి భయపడుతున్నాడని నా నమ్మకం. 4 లక్షలు పోయిన మనిషికి పెట్టె కావాలనిపించడం దొంగబుద్ధి వల్ల కాదు, పోయింది తిరిగి తెచ్చుకోకుండా ఇంటివాళ్ళ ముఖం చూడలేకపోవడం వల్ల.

అందుకే ఆయనతో మాట్లాడేటప్పుడు పెట్టెతో మొదలుపెట్టకండి. మీ చెల్లెమ్మకు, అంటే ఆయన భార్యకు, ఎంత తెలుసో ముందు అడగండి. తాకట్టులో బంగారం ఉందా, చేతి అప్పులు ఎవరి దగ్గర ఏ వడ్డీకి ఉన్నాయి, యార్డులో యజమాని డబ్బు ఏదైనా వాడుకున్నాడా, ఈ మూడూ బయటకు రావాలి. చివరిది ఉంటే అన్నిటికన్నా ముందు దాన్ని తీర్చే దారి చూడండి, అవసరమైతే మీరే వెంట వెళ్ళి యజమానితో గడువు మాట్లాడండి. మీ దగ్గర సాయం చేయడానికి కొంత డబ్బు ఉంటే అది అప్పులవాడి చేతికి నేరుగా వెళ్ళాలి తప్ప ఆయన చేతికి వద్దు. జూదం మానలేకపోవడం వైద్యులు గుర్తించిన జబ్బు. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి వెళ్ళడానికి మొహమాటపడితే, 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రంవాళ్ళు తెలుగులోనే, రుసుము లేకుండా మాట్లాడతారు. మొదటి ఫోను మీరు పక్కన కూర్చుని చేయించండి. అమరావతి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు ఇప్పటికే తీసి ఉంటే, ఈ వారంలోనే రద్దు చేయించండి.